ఎందుకమ్మాయి

"ఖాళీగానే ఉన్నావుగా, ఈ కాలరు కాస్త చేత్తో రుద్ది పెట్టు. మెషిన్లో వేస్తే మురికి పోవడం లేదు. రేపు మీ కాలేజీకి ఇంటర్వ్యూలు చేయడానికి వెళ్తున్నాం, నీట్‌గా ఉండాలి" అంటూ భర్త తెల్లచొక్కా తెచ్చి ఆమె భుజం మీద వేసి వెళ్ళిపోయాడు. భుజం మీదే ఎందుకు వేశాడంటే, చేతులు రెండూ ఖాళీ లేవు. కుడిచేతిలో దువ్వెన, ఎడమచేతిలో పాప జడ, పళ్ళ మధ్య రిబ్బను. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. లోపలి గదిలోంచి అత్తగారు వేన్నీళ్ళ కోసం రెండోసారి దగ్గారు. ఆవిడ పిలవరు, దగ్గుతారు. ఇంత ఖాళీ మనిషి దివిటీ పెట్టి వెతికినా దొరకదు మరి!

ఆ "ఖాళీ" అన్న మాట ఆ ఇంట్లోకి పాపతో పాటే వచ్చింది. అంతకు ముందు ఆమె ఒక బ్యాంకులో సీనియర్ మేనేజరు. వ్యాపారాలకు అప్పులిచ్చే విభాగం. ఏ ఫ్యాక్టరీ యజమానో వచ్చి ఎదురుగా కూర్చుని గంటసేపు ఊదరగొడితే ఓపిగ్గా విని, చివర్లో ఒక్క ప్రశ్న వేసి అతని నోటితోనే నిజం చెప్పించే మనిషి. పాప పుట్టి సెలవు అయిపోవస్తున్న వారంలో అందరూ హాల్లో కూర్చుని ఆమె ఉద్యోగం గురించి మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారు అనడమే గానీ, నిర్ణయం అప్పటికే అయిపోయింది, ఆమెకు చెప్పడం ఒక్కటే మిగిలింది. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు భర్త. ఆ ఎవరో ఒకరు ఎవరని ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. "ఒక్క ఏడాదే" అన్నాడు. పాప మూడో తరగతికి వచ్చింది, ఆ ఏడాది ఇంకా నడుస్తూనే ఉంది. కూరలో ఉప్పు తగ్గినప్పుడల్లా "మేనేజరు గారూ, ఉప్పు శాంక్షన్ చేయడం మరిచిపోయినట్టున్నారు" అని అతను జోకు వేస్తాడు. అత్తగారు నవ్వుతారు. ఈమధ్య పాప కూడా నవ్వడం నేర్చుకుంది. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే, జోకు కూడా అర్థం కాదా అంటారు.

అలాంటి రోజుల్లో తను చదువుకున్న బిజినెస్ స్కూలు నుంచి ఫోను వచ్చింది. అక్కడ చదివి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు చదువుతున్న పిల్లలకు దారి చూపించాలట. ఏ ఉద్యోగానికి వెళ్తే బాగుంటుంది, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి, ఇలాంటివన్నీ చెప్పాలట. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క మెంటర్. "మా రికార్డులో మీరు బ్యాంకు సీనియర్ మేనేజరని ఉంది మేడమ్. అలాగే ఉంచమంటారా?" అని అడిగాడు అవతలి మనిషి.  "ఉంచండి" అంది. ఫోను పెట్టేశాక సింకు ముందు నిలబడి తనలో తనే నవ్వుకుంది. అబద్ధమేనని తెలుసు. కానీ ఆ హోదా ఒక పరాయి మనిషి నోటి నుంచి ఎగతాళి లేకుండా వినబడి ఎంత కాలమైందో! ఉంచుకోబుద్ధి అయింది, ఉంచుకుంది.

ఆమెకు అప్పగించింది చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని. ముక్కుసూటి పిల్ల. ఏం చెప్పినా వెంటనే "ఎందుకు మేడమ్?" అంటుంది. ఎదురు చెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకోవడానికి. ఆమె మనసులో ఆ పిల్లకు ఎందుకమ్మాయి అని పేరు పెట్టుకుంది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కునుకు తీసే వేళకు ఆ పిల్ల ఫోను చేసేది. ఆ ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఆమెకంటూ ఒక గది లేదు. వెనకాల బట్టలారేసే బాల్కనీ ఉంది. వాషింగ్ మెషిన్ ఆపేసి, తడిబట్టల మధ్య ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్ళో బఠానీలు పెట్టుకుని ఒలుస్తూ మాట్లాడేది. బఠానీలు ఎందుకంటే, ఉత్త చేతులతో ఫోను మాట్లాడుతుంటే ఎవరైనా లేచొచ్చి "కబుర్లా?" అంటారు. చేతిలో పని ఉంటే అనరు.

"జీతం ఎంత కావాలని వాళ్ళడిగితే ఎంత చెప్పాలి మేడమ్?"

"నువ్వు ముందు చెప్పకు. వాళ్ళనే చెప్పనివ్వు."

"ఎందుకు మేడమ్?"

"ఎందుకంటే, మన విలువ మనల్ని చెప్పమంటే తగ్గించే చెప్తాం కాబట్టి. ఆడపిల్లలకి అది చిన్నప్పుడే అలవాటు చేసేస్తారు."

అవతల ఎందుకమ్మాయి పకపకా నవ్వింది. "మిగతా మెంటర్లందరూ 'నిన్ను నువ్వు నమ్ముకో' అని చెప్పి పెట్టేస్తారట మేడమ్. మా క్లాసులో నేనొక్కదాన్నే అదృష్టవంతురాలిని. మీరు పనికొచ్చేది చెప్తారు."

ఆ వారమంతా ఆమె ఆ మాట నెమరేసుకుంటూ గిన్నెలు తోమింది.

ఇంకో శనివారం ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఒక విషయం చెప్తాను, మీలోనే ఉంచుకోవాలి. నాకు పెళ్ళి కుదిరింది. పరీక్షలయ్యాక. ఇక్కడెవరికీ చెప్పలేదు. తెలిస్తే కంపెనీల వాళ్ళు తీసుకోరని సీనియర్లన్నారు."

"నేనెవరికీ చెప్పను. నువ్వూ చెప్పకు."

"అతను మంచివాడే మేడమ్. వాళ్ళింట్లో వాళ్ళే... చేతిలో ఉద్యోగంతో వస్తే చేసుకోనిస్తారట. పెళ్ళయ్యాక ఉద్యోగం కోసం వెతుక్కుంటూ తిరగడం మాత్రం వాళ్ళింట్లో కుదరదట. అంటే ఇక్కణ్ణుంచే రావాలి నాకు. ఇక్కడ రాకపోతే ఇక లేనట్టే."

ఒలుస్తున్న బఠానీ ఆమె వేళ్ళలోంచి జారి కిందపడింది. "వస్తుంది" అంది. "రాకుండా ఎలా ఉంటుంది?" ఆ పిల్ల అన్నిటికన్నా ఆశ పెట్టుకున్న కంపెనీలో తన భర్తే పెద్ద అధికారి అని, ఆ ఇంటర్వ్యూ గదిలో ఈసారి కూర్చోబోయేది అతనేనని మాత్రం ఆమె చెప్పలేదు. చెబితే ఆ పిల్ల బిగుసుకుపోతుందని.

ఇక చొక్కా సంగతి. ఆ సాయంత్రం దాన్ని ఇస్త్రీ చేసి హాంగరుకు తగిలించి తెచ్చినప్పుడు భర్త సోఫాలో ఫోను చూసుకుంటున్నాడు. ఆమె చొక్కా చేతిలో పట్టుకునే నిలబడింది. "ఏవండీ, రేపు మీ దగ్గరికి ఒక అమ్మాయి వస్తుంది. నేను చెప్తుంటానే, ఆ అమ్మాయి. కాస్త చూడండి."

ఊఁ అని ఊరుకుంటాడనుకుంది. అతను ఫోను పక్కన పెట్టాడు. "ఏంటంత గొప్ప ఆ అమ్మాయిలో?" అని అడిగాడు.

అడిగాడు! చేసిన కూర గురించి కాదు, పాప దగ్గు గురించి కాదు, ఒక మనిషి పనితనం గురించి ఆమె అభిప్రాయం అడిగాడు. ఆమెకు పట్టలేనంత సంతోషం వచ్చింది. అక్కడే, సోఫా చివర కూర్చుని, బ్యాంకులో కమిటీ ముందు మాట్లాడినట్టు మాట్లాడింది. ఆ పిల్ల ఏ సమస్యనైనా ఎలా విడదీస్తుందో, తెలియనిది తెలియదని ఎంత ధైర్యంగా చెప్తుందో, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. ఆ ఊపులోనే, "పెళ్ళి కుదిరి ఇంట్లో అంత హడావుడి జరుగుతున్నా ఒక్క రోజు చదువు పక్కన పెట్టలేదండీ. అంత పట్టుదల" అనేసింది.

అన్నాక నాలుక కరుచుకుంది. అతను "సరే, గుర్తు పెట్టుకుంటాలే" అని మళ్ళీ ఫోను తీసుకున్నాడు. ఆమె చొక్కా తలుపుకు తగిలిస్తూ, పోన్లే, మొగుడేగా, బయటివాడా ఏమన్నా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఎందుకమ్మాయిని తీసుకోలేదు. ఇద్దరబ్బాయిల్ని తీసుకున్నారు. ఇద్దరూ పరీక్షల ముందు ఎందుకమ్మాయి దగ్గర కూర్చుని లెక్కలు చెప్పించుకున్నవాళ్ళే.

శనివారం దాకా ఆగలేదు ఆ పిల్ల, మర్నాడే ఫోను చేసింది. ఏడుస్తుందేమోనని ఆమె భయపడింది. ఏడ్చినా బాగుండేది. "మేడమ్, జరిగిందంతా వరసగా చెప్తాను, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి" అంది. అని, గదిలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి లేచి వచ్చేదాకా అడిగినవీ, చెప్పినవీ ఒక్కటి కూడా వదలకుండా అప్పజెప్పింది. ఆమె బట్టల మధ్య నిలబడి విన్నది. తను బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ ఎంతమందినో ఇంటర్వ్యూ చేసింది. ఇంత బాగా చెప్పినవాళ్ళు గుర్తు లేరు.

"తప్పేం లేదు. చాలా బాగా చెప్పావు."

"మరి ఎందుకు తీసుకోలేదు మేడమ్? ఏదో ఉండాలి కదా. చేతులెక్కువ ఊపానేమో. నవ్వానా ఎక్కువ? మధ్యలో ఇంటర్వ్యూ చేసే పెద్దాయన జోకు వేశారు, నేను గట్టిగా నవ్వాను. అదేనేమో."

"అది కాదు."

"ఎలా చెప్పగలరు మేడమ్, మీరు చూడలేదుగా."

ఆ తరువాతి ఫోనుకు ఆ పిల్ల నవ్వడం మానేసింది. ఆ పైవారం "ఎందుకు" కూడా మానేసింది. ఆమె ఏం చెప్పినా "సరే మేడమ్" అనడం మొదలుపెట్టింది. అద్దం ముందు కూర్చుని చేతులు కదలకుండా మాట్లాడడం సాధన చేస్తోందట. ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళి చేతులు ఒళ్ళో కట్టేసుకుని, కొయ్యబారి కూర్చుని, తెలిసిన జవాబులు కూడా తడబడి చెప్పి వచ్చింది. వాళ్ళూ వద్దన్నారు. "ఈసారి నాకే తెలుస్తోంది మేడమ్, బాగా చెప్పలేదు. నాలోనే ఏదో లోపముంది. అది నాకు కనబడడం లేదు, అందరికీ కనబడుతోంది" అంది. తరువాత, "కాబోయే అత్తగారు వాళ్ళు ఉద్యోగం ఎటూ రాలేదుగా, ముహూర్తం ముందుకు జరుపుదామంటున్నారు. సరే అనేస్తే పోతుందేమో" అంది.  ఆ గొంతు ఆమెకు బాగా తెలిసిందే. హాల్లో అందరి మధ్య కూర్చుని "సరే, ఒక్క ఏడాదేగా" అన్న గొంతు అది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త మంచి హుషారుగా ఉన్నాడు. కొత్తగా తీసుకున్న ఇద్దరు కుర్రాళ్ళూ పరీక్షల దాకా ట్రైనింగుకని చేరారు, ఒకడు రెండో రోజే ఏదో పాడు చేశాడు. అది తల్లికి చెప్పి నవ్విస్తున్నాడు. ఆమె వెనకాల నిలబడి అన్నం వడ్డిస్తోంది. అందరికీ పెట్టాకే ఆమె కూర్చుంటుంది, కూర్చునేసరికి అందరూ లేస్తారు.

"నిజం చెప్పాలంటే అమ్మా, ఆ రోజు అందరికన్నా బాగా చెప్పింది ఈవిడ శిష్యురాలే. దుమ్ము దులిపేసింది" అన్నాడు అతను.

గరిటె ఆగింది. "మరి తీసుకోలేదేం?"

"పెళ్ళి కుదిరిందన్నావుగా!" కంచంలోంచి తలెత్తకుండానే అన్నాడు. "తీసుకుంటాం, ఏడాది పాటు అన్నీ నేర్పిస్తాం, సరిగ్గా చేతికొచ్చే వేళకి 'సార్, సెలవు' అంటుంది. ఆ తరువాత రానే రాదు. మనింట్లో చూడడం లేదూ?"

అత్తగారు "అంతేలే" అన్నారు.

"అలాంటివి అడగకూడదని రూలుంది కదా" అంది ఆమె. 

"మేమెక్కడ అడిగాం? ఒక్క ముక్క అడగలేదు. రూలు దాటే పని నా దగ్గర ఉండదు." అతను తలెత్తి నవ్వాడు. "నువ్వే చెప్పావు. ఇంకాస్త అన్నం పెట్టు."

పెట్టింది. ఏం చేస్తుంది? చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కంచాలు తీసింది, బల్ల తుడిచింది, సింకులో నీళ్ళు వదిలింది. లోపల మాత్రం ఆ మూడు మాటలే తిరుగుతున్నాయి, మనింట్లో చూడడం లేదూ. ఎవరు ఉండమన్నారు తనను ఇంట్లో? ఎవరో ఒకరు ఉండాలన్నది ఎవరు? ఉన్నందుకు రోజుకోసారి ఖాళీ మనిషన్నారు, పడింది. మేనేజరు గారూ అన్నారు, నవ్వింది. తన ఒక్కదాని బతుకుతో పోతుందిలే అనుకుంది. పోలేదే! ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నది కూడా వాళ్ళకు ఒక రుజువుగా పనికొచ్చింది, ఇంకో ఆడపిల్లను గుమ్మంలోనే ఆపడానికి. ఆపమని చేతికి గడియ అందించింది తనే. అదీ ఎందుకు? ఒక్కసారి అభిప్రాయం అడిగాడని. ఒక్కసారి అడిగితే చాలు, ఎదుటి మనిషి నమ్మి చెప్పిన మాట కూడా తీసి పెట్టేసేంత ఆకలితో ఉంది తను. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. ఎంత కోపమంటే, చేతిలో ఉన్న గాజుగ్లాసును ఎక్కడ నేలకేసి కొడతానోనని మెల్లగా పక్కన పెట్టేసింది.

అత్తగారు తుడిచే గుడ్డ పట్టుకుని పక్కకొచ్చి నిలబడ్డారు. మామూలుగా ఆ వేళకు ఆవిడ పడుకుంటారు.

"నువ్వేం ఆలోచిస్తున్నావో నీ వీపు చూస్తేనే తెలుస్తోంది" అన్నారు చెంచా తుడుస్తూ. "ఇంట్లో అనుకున్న మాట గడప దాటకూడదమ్మా. వాడికి ఆఫీసులో మాటొస్తుంది. మింగెయ్యి. నేను మింగినవి చెబితే నువ్వు నమ్మవు కూడా."

"అరిగాయా అత్తయ్యా?"

ఆవిడ తుడిచిన చెంచాలనే మళ్ళీ మొదటి నుంచి తుడవడం మొదలుపెట్టారు.

ఆమె బాల్కనీలోకి వెళ్ళింది. ఈసారి ఒళ్ళో ఏమీ పెట్టుకోలేదు. ఎప్పుడూ ఆ పిల్లే ఫోను చేసేది, ఈసారి ఆమే చేసింది.

"నీలో ఏ లోపమూ లేదు. ఆ రోజు అందరికన్నా బాగా చెప్పింది నువ్వే. పెళ్ళి కుదిరిందని తెలిసి తీసుకోలేదు. ఆ మాట వాళ్ళకి చెప్పింది నేను."

 ఆమె ఆగలేదు, ఆగితే మళ్ళీ నోరు పెగలదని భయం. "ఆ గదిలో నీకు ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా భర్త. నీ గురించి గొప్పగా చెప్పబోయి నోరు జారాను. ఇంకోటి కూడా చెప్పాలి. నేను సీనియర్ మేనేజర్ని కాదు. ఒకప్పుడు చేశాను. పాప పుట్టినప్పుడు మానేశాను. ఇప్పుడు ఇంట్లో ఉంటాను."

ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది. "అయితే... నేను బాగానే చెప్పానా?"

"అందరికన్నా."

"చేతులు ఊపడం...?"

"చేతులు కాదమ్మా. నవ్వూ కాదు. నీది ఏదీ కాదు."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. ఇన్ని రోజులూ ఏడవనిదంతా కలిపి ఏడ్చింది. ఆమె ఫోను చెవికి ఆనించుకుని వింటూ ఉండిపోయింది. ఓదార్చే హక్కు తనకు లేదనిపించింది. ఏడుపు తగ్గాక వచ్చింది, ఎన్నాళ్ళ తరువాతో, ఆ పాత మాట. "చెప్పనని మాటిచ్చారు కదా మేడమ్. ఎందుకు చెప్పారు?"

ఎందుకని చెప్తుంది? ఆయన నన్నొక మాట అడిగారు, నాకు సంతోషం పట్టలేదు అని చెప్తే ఆ పిల్లకు అర్థమవుతుందా? అర్థం కాకపోతేనే మంచిది, ఎప్పటికీ కాకూడదు. "తప్పు చేశాను" అని మాత్రం అంది. "ఇది మీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో చెప్పాలి. పెళ్ళి కారణంగా తీసేసినట్టు రుజువైతే వేరేవాళ్ళతో మళ్ళీ ఇంటర్వ్యూ చేయించాలని రూలుంది. నా కాలంలోనూ ఉంది, ఇప్పుడూ ఉంది."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

"నువ్వు చెప్పొద్దు. రేపు పొద్దున్న నేను వచ్చి చెప్తాను."

ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రమే భర్తకు చెప్పింది. చాటుగా వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. రేపు కాలేజీకి వెళ్తున్నానని, అక్కడ ఏం చెప్పబోతోందో కూడా చెప్పింది. అతను మొదట నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"పిచ్చి గానీ పట్టిందా? ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం నా ఉద్యోగానికి ఎసరు పెడతావా? అది పోతే ఇల్లెలా నడుస్తుంది?"

"ఆ పిల్లకీ ఇల్లుంటుంది కదండీ."

"మాటకి మాట! ఇదంతా నేను మామూలుగా ఇంట్లో అన్న మాట. అన్నం తింటూ అన్నది. అది ఎవడైనా సాక్ష్యమంటాడా?" లేచి అటూ ఇటూ తిరిగాడు. "సరే, వెళ్ళు. వెళ్ళి ఏమని చెప్తావు? నువ్వెవరని అడిగితే? ఆఫీసులో ఉన్నావా? ఆ గదిలో ఉన్నావా? మేనేజరు గారిని అంటావా?" ఆ చివరి మాట అన్నప్పుడు నవ్వలేదు. "వెళ్తే మళ్ళీ ఈ ఇంటికి ఏ మొహం పెట్టుకుని వస్తావో కూడా ఆలోచించుకుని వెళ్ళు."

లోపలి గదిలోంచి అత్తగారు ఒకసారి దగ్గారు. పాప గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె వెళ్ళి పాప జుట్టు సవరించి, "పడుకో, పొద్దున్నే జడలు గట్టిగా వేస్తాను. అమ్మకి రేపు బయట పనుంది" అంది.

"పనా? నీకా?" అంది పాప, ఆశ్చర్యంగా. ఎవరూ నేర్పక్కర్లేకుండానే నేర్చుకున్న ఆశ్చర్యం అది. ఆ రాత్రి ఆమెకు నిద్ర రాకుండా చేసింది భర్త బెదిరింపు కాదు, ఈ ప్రశ్న.

పొద్దున్న ఇంటి పని ముగించి, ఆమె బస్సెక్కి కాలేజీలో దిగింది. ప్లేస్‌మెంట్ ఆఫీసు బయటి గోడ నిండా పూర్వ విద్యార్థుల ఫొటోలు పెట్టారు. చేతులు కట్టుకుని నిలబడి నవ్వుతున్న కోటు మనుషులు. వాళ్ళలో తన క్లాసు మగవాళ్ళను నలుగుర్ని గుర్తుపట్టింది. ఆడవాళ్ళు తక్కువ, తన క్లాసువాళ్ళు ఒక్కరూ లేరు. కింద బెంచీ మీద ఎందుకమ్మాయి కూర్చుని ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా చూసుకోవడం అదే మొదటిసారి. గొంతును బట్టి ఊహించుకున్న దానికన్నా చిన్నగా ఉంది పిల్ల. కళ్ళు వాచి ఉన్నాయి. ఆమెను చూసి లేచి నిలబడింది గానీ నవ్వలేదు, నమస్కారం పెట్టలేదు. వచ్చింది, అదే చాలు. ఆమె కూడా ఏమీ అనకుండా తలుపు తోసుకుని లోపలికి నడిచింది. ఆ పిల్ల వెనకే వచ్చి తలుపు పక్కన నిలబడింది.

ప్లేస్‌మెంట్ ఆఫీసరు చెడ్డవాడేం కాదు. మర్యాదగా కూర్చోమన్నాడు, అంతా విన్నాడు. వింటున్నకొద్దీ కుర్చీలో వెనక్కి జరిగాడు. "అది మనకి పాత కంపెనీ మేడమ్. ఏటా పిల్లల్ని తీసుకుంటుంది. ఇలాంటి నింద వేస్తే వచ్చే ఏడాది అసలు గడపే తొక్కరు. మిగతా పిల్లల సంగతి కూడా చూడాలి కదా నేను."

"నింద కాదు. జరిగింది చెప్తున్నాను. రూలు కూడా ఉంది."

"ఉంది, కాదనను. కానీ రుజువు కావాలి కదా." కంప్యూటర్ వైపు తిరిగి ఏదో చూశాడు. "ఇక్కడ మీరు బ్యాంకులో సీనియర్ మేనేజరని ఉంది."

"అది తీసేయండి. నేనక్కడ మానేసి చాలా ఏళ్ళయింది."

అతను ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. మనిషి అదే కుర్చీలో ఉండగానే ఒక మెట్టు దించేసే చూపు. గొంతులో కూడా మేడమ్ పోయి అమ్మ వచ్చింది. "చూడమ్మా, ఆ రోజు ఇంటర్వ్యూ గదిలో మీరు లేరు. ఆ కంపెనీలో మీరు ఉద్యోగి కాదు. మరి వాళ్ళు ఈ కారణంతోనే తీసేశారని మీరు ఎలా చెప్పగలరు? అసలు మీరు పని చేసేది ఎక్కడ?"

 మేడమ్ తల దించేసుకుంటుందనుకుంది తలుపు దగ్గరున్న ఎందుకమ్మాయి. ఆమె కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టింది, అప్పు కోసం వచ్చినవాళ్ళ ఎదుట ఒకప్పుడు పెట్టినట్టే.

"నేను పని చేసేది ఆయన ఇంట్లో సార్. ఆ మాట ఆయన నేను వడ్డిస్తుండగా అన్నారు. రాసుకోండి."